ఇంకు కాట్రిడ్జిలోని చిప్పు గారికి విన్నపం

మహారాజశ్రీ చిప్పు గారి సముఖమునకు, కాలేజీ రోడ్డులో జెరాక్స్ షాపు నడుపుకునే నేను నమస్కరించి వ్రాయునది.

ఇంటర్ పరీక్షకు ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకు, నేను షట్టరు సగం దించాక, ఒక తండ్రి కూతురి హాల్ టికెట్ ప్రింటు కోసం వచ్చారు. కావలసింది నలుపు తెలుపులో ఒక్క కాగితం. నల్ల ఇంకు నిండుగా ఉంది, కరెంటూ ఉంది. అయినా పక్కనున్న నీలిరంగు కాట్రిడ్జిలో నేను సిరంజితో పోసిన ఇంకు అసలైనది కాదని తమరు తెర మీద సెలవిచ్చి, ప్రింటరు నోరు కట్టేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని వినడమే గానీ, ఆ పూజారి గోరంత రేకై నా బల్ల మీదే కొలువున్నాడని ఆ రాత్రే తెలిసింది. పాపం, ఆ తండ్రి బస్టాండు దగ్గరి షాపుకు స్కూటరు తిప్పారు.

తమరి జాతిలో చాలామందికి ఇంకు కంటికి కనపడదట. ఎన్ని చుక్కలు చిమ్మిందీ లెక్కగట్టి, అయిపోయిందని ప్రకటిస్తారట. నేను ఒక ఖాళీ కాట్రిడ్జిని కోసి చూశాను. లోపలి స్పాంజి పిండితే వేళ్లు రెండు రోజులు నీలంగానే ఉన్నాయి. చిప్పు తమరిది, చిప్ప మాది.

తమరి వంశం గొప్పదే. 1924లో బల్బుల కంపెనీలు జెనీవాలో ఫీబస్ పేరుతో జట్టుకట్టి, బల్బు ఆయుష్షును వెయ్యి గంటలకు కుదించి, అంతకంటే ఎక్కువ వెలిగే బల్బులు చేసినవారికి జరిమానా వేశాయి. 2017లో లెక్స్‌మార్క్ అనే ప్రింటర్ల కంపెనీ కేసులో, అమ్మేసిన కాట్రిడ్జి మీద కంపెనీకి పేటెంటు హక్కు మిగలదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. హక్కు పోయింది గానీ తమరు పోలేదు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో, కొన్న వస్తువును బాగుచేయించుకునే వివరాలతో రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. తమరు చదివినట్టు లేదు.

తమరు కాపలా లేకపోతే ప్రింటరు పాడవుతుందనే మాట కూడా నమ్మేవాణ్ణే, సీసాతో ఇంకు పోసుకునే ట్యాంకు ప్రింటర్లను కంపెనీలే అమ్మకపోయి ఉంటే. కాబట్టి ఇంకు తగ్గితే తగ్గిందని చెప్పండి, రంగు వెలిసే ప్రమాదముంటే హెచ్చరించండి. ఆపాలా వద్దా అన్నది మాత్రం డబ్బు పెట్టి కొన్న నాకు వదిలేయండి.

ఇట్లు,
ఏ కొట్లో కొన్న రీఫిలైనా పట్టే పెన్నుతో,
తమరి విధేయుడు