ముందు పరీక్షా, ముందు ప్రయాణమా?

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవలో బండి నడిపేవారిని పైలట్ అంటారు. రోగిని చూసుకునే టెక్నీషియన్‌తో ఒక సీనియర్ పైలట్ చేసిన వాదన ఇది.

పైలట్: రోడ్డు ప్రమాదంలో కడుపులో రక్తస్రావమవుతున్న మనిషిని కాపాడేది ఆపరేషన్ థియేటరే తమ్ముడూ. రోడ్డు పక్కన నాడి చూస్తూ, ప్రశ్నలు వేస్తూ కూర్చుంటే అతని ప్రాణం మీదికి తెచ్చినట్టు కాదా?

టెక్నీషియన్: నిజమే అన్నా. అందుకే పెద్ద గాయాలైతే అక్కడ 10 నిమిషాలు మించకూడదని మాకు నేర్పుతారు. కానీ పైకి చుక్క రక్తం కనిపించనప్పుడు లోపల కారుతోందని తెలిసేదెలా? వయసులో ఉన్నవాళ్లకు రక్తం పోతున్నా రక్తనాళాలు బిగుసుకుని బీపీని చాలాసేపు నిలబెడతాయి. 120 ఉంది కదా అని ధైర్యపడితే మోసపోతాం. ఆలోగా నాడి 130 కొడుతూ ఉంటుంది, ఒళ్లు పాలిపోయి చల్లటి చెమట పడుతుంది, గోరు నొక్కి వదిలితే 2 సెకన్లలో తిరిగి రావలసిన ఎరుపు రాదు. వేగంగా వెళ్లాలన్న నిర్ణయం ఆ చేతి పరీక్షలోంచే పుడుతుంది.

పైలట్: అంతమాత్రం మానిటర్ చెప్పదా?

టెక్నీషియన్: అన్నీ చెప్పదు. పొగలో చిక్కుకుని కార్బన్ మోనాక్సైడ్ పీల్చిన మనిషికి కూడా వేలికి పెట్టే ఆక్సీమీటర్, ఆక్సిజన్ బాగానే ఉన్నట్టు, 98 చూపించవచ్చు. పొలం గట్టున స్పృహ తప్పిన రైతునే తీసుకోండి. కనుపాపలు సూదిమొనంతగా ముడుచుకుని, నోటివెంట చొంగ కారుతుంటే పురుగుమందును అనుమానించాలి. అలా కాక చెమటతో తడిసి, ఒక చెయ్యి పడిపోయి ఉంటే చూసినవారంతా పక్షవాతమంటారు. గ్లూకోమీటర్‌లో చక్కెర 40 అని తేలితే, గ్లూకోజ్ ఎక్కించిన కొద్ది నిమిషాల్లోనే అతను కళ్లు తెరవవచ్చు. ఆ చుక్క రక్తం చూడకుండా మీరెంత వేగంగా నడిపినా, దారి పొడవునా అతని మెదడు చక్కెర లేక మాడుతూనే ఉంటుంది.

పైలట్: చుట్టూ మూగిన జనం “ఇంకా ఎక్కించరేం?” అని మీదికి వస్తారు. వాళ్లకు జవాబు చెప్పుకోవలసింది నేను. పైగా ఏ మందులు వాడతాడు, ఎప్పుడు తిన్నాడు అన్నవి బండి కదిలాక బంధువును అడగవచ్చు కదా.

టెక్నీషియన్: అవి బండిలోనే అడుగుతాను, ఒప్పుకుంటున్నాను. శ్వాసమార్గం, శ్వాస, నాడి, స్పృహ మాత్రం అక్కడే చూడాలి. అలవాటున్న చేతికి దానికి నిమిషం చాలు. కానీ పురుగుమందు డబ్బా ఇంట్లోనే ఉండిపోతే ఏ మందు తాగాడో ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేరు.

పైలట్: డబ్బా తెప్పించే పని నాకు వదిలెయ్. నేను స్ట్రెచర్ దించేలోగా ఆ నాలుగూ చూసి, దగ్గరి ఆసుపత్రికా, సర్జన్ ఉన్న ఆసుపత్రికా అన్నది నాకు చెప్పెయ్యాలి.