రెండు మార్కుల ఆశ్చర్యం

మన పిల్లలకు ప్రశ్నలు అడగడం రాదని ఎవరైనా అంటే నమ్మకండి. రాష్ట్ర సిలబస్ పదో తరగతి జీవశాస్త్రం గైడు తెరవండి. నెఫ్రాలజిస్టును కలిస్తే మూత్రపిండాల గురించి ఏయే ప్రశ్నలు అడుగుతావు అన్నదాని కింద నాలుగు ప్రశ్నలు అచ్చేసి సిద్ధంగా ఉంటాయి. మూత్రపిండాలు ఎందుకు పాడవుతాయి? రాళ్ళు ఎందుకు ఏర్పడతాయి? డయాలసిస్ ఎప్పుడు చేస్తారు? రోజుకు ఎన్ని నీళ్ళు తాగాలి? పిల్లలు రాత్రి కూర్చుని వీటిని వల్లె వేస్తారు. పొద్దున స్లిప్ టెస్టులో మూడో ప్రశ్న మరిచిపోయినవాడికి ఇంపోజిషన్ పడుతుంది, ఆ ప్రశ్నే పదిసార్లు. ఒకే సంగతి పదిసార్లు అడిగినా విసుక్కోని నెఫ్రాలజిస్టు ఈ దేశంలో నోటు పుస్తకం ఒక్కటే.

ఈ ఘనత ఊరికే రాలేదు. పిల్లల మీద చదువు బరువు తగ్గించాలని యశ్‌పాల్ కమిటీ 1993లో చెప్పింది. బట్టీ మానిపించి, చదువును బడి బయటి బతుకుతో కలపాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. ఆ బాటలోనే ఉమ్మడి రాష్ట్రం 2011లో విద్యాప్రణాళిక పరిధి పత్రం రాసుకుంది. అందులోంచి, పిల్లలకు ఏమేం రావాలో చెప్పే విద్యాప్రమాణాలు పుట్టాయి. విషయావగాహన ఒక ప్రమాణం. ప్రశ్నించడం, పరికల్పన చేయడం ఇంకొకటి. ప్రయోగాలు, ప్రాజెక్టులు, బొమ్మలు, ప్రశంస, నిత్యజీవిత వినియోగం, అన్నిటికీ చోటు దొరికింది. అక్కడితో ఆగి ఉంటే మంచి కోరికల జాబితాగా మిగిలేది. ఆగలేదు, వెయిటేజీ వేశారు. విషయావగాహనకు నూటికి 40, ప్రశ్నించడానికి 10. కుతూహలం చిట్టచివరికి మార్కుల పట్టికకెక్కింది.

మార్కు ఉన్నచోట ప్రశ్నపత్రం ఉంటుంది. ప్రశ్నపత్రం వెనక దిద్దేవాళ్ళకో జవాబుల కీ ఉండాలి. కీ ఉన్నదాన్ని అచ్చు వేయొచ్చు, అచ్చయినదాన్ని బట్టీ పట్టొచ్చు. ఈ నాలుగు మెట్లు దిగడానికి మన గైడు పరిశ్రమకు ఎంతో కాలం పట్టలేదు. బట్టీని ఓడించడానికి పంపిన ప్రశ్నలన్నీ బట్టీలో చేరిపోయి, పైగా వెనకటికంటే పేజీలు పెరిగాయి. పాతకాలపు విద్యార్థి జవాబులే కంఠస్థం చేసేవాడు, పాపం. ఇప్పటివాడు ప్రశ్నలు కూడా చేస్తున్నాడు.

ప్రశంస సంగతి మరీ ముచ్చట. గుండె పనితీరును నీవెలా అభినందిస్తావు? పిడికెడంత ఉన్నా నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుంటుంది, పుట్టినప్పటి నుంచి పోయేదాకా సెలవు తీసుకోదు అని మొదలుపెట్టి, చివర ‘ఇది నాకు ఎంతో ఆశ్చర్యాన్ని కలిగించింది’ అని ముగించాలి. ఆ చివరి వాక్యం వదిలేస్తే ఆశ్చర్యపడనట్టు లెక్క. అనుభవమున్న టీచర్లు దాని కింద ఎర్ర గీత గీయిస్తారు. గుండెకూ ఆకుకూ వానపాముకూ అదే వాక్యం అతుకుతుంది కాబట్టి ఏడాదికి ఒక్కసారి ఆశ్చర్యపడటం నేర్చుకుంటే చాలు. ధర రెండు మార్కులు.

ఇక ప్రయోగాలు. 2014లో వచ్చిన పదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకంలో ఓమ్ నియమానికి ఒక కృత్యం ఉంది. 1.5 వోల్టుల డ్రై సెల్స్ ఐదు, అమ్మీటరు, వోల్టుమీటరు, స్విచ్చులాంటి కీ, 10 సెంటీమీటర్ల సన్నని ఇనుప చువ్వ, ఎల్ఈడీ తీసుకోమంటుంది. మొదట చువ్వను కలిపి, సెల్స్ ఒక్కొక్కటే పెంచుకుంటూ వోల్టేజీని కరెంటుతో భాగిస్తే స్థిరంగా రావాలి. చువ్వంటే సైకిల్ స్పోకు ముక్కే అనుకోండి. దాని మందం 2 మిల్లీమీటర్లయితే నిరోధం దాదాపు 0.003 ఓమ్. అంటే కీ నొక్కగానే సెల్ షార్ట్ అవుతుంది. ఉన్న వోల్టేజీ అంతా సెల్ లోపలి నిరోధమే మింగేస్తుంది కాబట్టి వోల్టుమీటరు ముల్లు సున్నా దగ్గరే కునుకు తీస్తుంది. అమ్మీటరు ముల్లు అవతలి గోడకు తల బాదుకుంటుంది. కాసేపటికి సెల్స్ వేడెక్కుతాయి, బి సెక్షన్ పిల్లలు వచ్చేసరికి చచ్చి ఊరుకుంటాయి.

ఈ కృత్యాన్ని నిజంగా చేసిన దురదృష్టవంతుడి పట్టికలో రాయడానికి ఏమీ ఉండదు. చేయనివాడి పట్టిక చూడండి: 1.5 వోల్టులకు 0.3 ఆంపియర్, 3కు 0.6, 4.5కు 0.9. భాగిస్తే ప్రతిసారీ ఐదే, దశాంశం పక్కకు జరగదు. ల్యాబ్ తాళం తీయని బడిలో ఓమ్ నియమం ఎన్నడూ తప్పలేదు. పుస్తకాన్ని నమ్మి తాళం తీసిన మాస్టారుకే సెల్స్ ఖర్చు, పిల్లల ముందు పరువు నష్టం. అందుకని మరుసటి ఏడాది ఆయన కూడా సుద్దముక్కతో బోర్డు మీదే ప్రయోగం చేస్తాడు, అక్కడ ముల్లు చెప్పినట్టు వింటుంది. ఆ స్పోకు స్థానంలో, నిరోధం ఎక్కువుండే నిక్రోమ్ తీగ అర మీటరు పెట్టుకుంటే గొడవే ఉండదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఉన్నది అదే. కానీ పరీక్షలో సామగ్రి జాబితా అడిగితే ఇనుప చువ్వ అనే రాయాలి కదా.

ఇన్ని కృత్యాలు పెట్టి టైమెక్కడిచ్చారని అడగకండి. ఎనిమిదో తరగతి దాకా వర్తించే విద్యాహక్కు చట్టం ఆ లెక్క కూడా చూసింది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు. అదే చట్టం 24వ సెక్షన్‌లో టీచరు విధులు వరసగా ఉంటాయి. నిర్ణీత కాలంలో మొత్తం పాఠ్యప్రణాళిక పూర్తి చేయాలి. ఆ పక్కనే, ఒక్కొక్క పిల్లవాడి సామర్థ్యం అంచనా కట్టి అవసరమైతే అదనంగా బోధించాలి. రెండూ ఒకే టీచరు, అదే పీరియడ్‌లో. భాగహారం రాని ఏడో తరగతి పిల్లవాడి ముందు బీజీయ సమాసాల పాఠం తెరిచినప్పుడు ఈ రెండు వాక్యాలూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి. గెలిచేది మొదటిదే, ఎందుకంటే తనిఖీకి వచ్చిన అధికారి తిరగేసేది వార్షిక ప్రణాళిక, పీరియడ్ ప్లాన్. పాఠం అయిపోయిందా లేదా అన్నదానికి అందులో గడి ఉంది. ఎవరికి అయిపోయిందన్నదానికి లేదు.

పాఠాల మధ్య ‘ఆలోచించండి, చర్చించండి’ అని డబ్బా కట్టిన చిన్న ప్రశ్నలుంటాయి. పుస్తకం మొత్తంలో బాగా రాసినవి బహుశా అవే. వాటికి మార్కులుండవు కనుక ఆలోచన ఇంటిపని కింద పోతుంది, చర్చ అసలే పోతుంది.

ఏడాది పొడవునా పిల్లవాణ్ణి గమనించి మార్కులేసే నిరంతర సమగ్ర మూల్యాంకనం గురించి ఎక్కువ చెప్పను. పదో తరగతిలో 80 మార్కులు పబ్లిక్ పరీక్షవి, 20 బడి వేసేవి అని పెట్టారు. ఆ 20ని పాల్గొనడానికి, రాత పనికి, ప్రాజెక్టుకు, స్లిప్ టెస్టుకు తలా ఐదుగా పంచారు. పిల్లవాడి ప్రగతిని ఎంత నిరంతరంగా గమనించారంటే, దాదాపు అందరికీ 19, 20 వచ్చాయి. 18 వేస్తే పగ తీర్చుకున్నట్టే. చెరువు సర్వే ప్రాజెక్టును నెట్ సెంటర్ వాడే అట్ట వేసి, ముగింపు రాసి ఇస్తున్నాడు. ఆ ప్రింటుకు చెరువు ఏ ఊరిదైనా ఒకటే. ఆంధ్రప్రదేశ్ 2019లో ఈ ఇంటర్నల్ మార్కులు ఎత్తేసింది. నెట్ సెంటర్ వాడికి తప్ప ఇంకెవరికీ తేడా తెలియలేదు.

మళ్ళీ మన నెఫ్రాలజిస్టు దగ్గరికే వద్దాం. ఆ జీవశాస్త్రం పుస్తకాన్ని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కూడా చదివారు. కవిటి, సోంపేట వైపు పొలం పనికీ కొబ్బరితోటలకూ వెళ్ళేవాళ్ళ కిడ్నీలు దశాబ్దాలుగా పాడవుతున్నాయి. నీళ్ళు, మట్టి, ఎండ, మందులు అంటూ ఎంతమంది పరిశోధించినా ఇదీ కారణమని తేలలేదు. అక్కడి పిల్లవాడు ‘మా ఊళ్ళోనే ఎందుకు?’ అని రాశాడనుకోండి. రోజుకు 40 పేపర్లు దిద్దాల్సిన మాస్టారు కీ చూస్తాడు. అందులో ఆ ప్రశ్న లేదు. సంబంధమున్న ఏ ప్రశ్నకైనా మార్కు వేయమంటుంది గనుక సరేనని వేస్తాడు, అరమార్కు. మిగతా మూడు ప్రశ్నలూ గైడులోవే రాసి ఉంటే మొత్తం రెండు.