‘సొంతంగా కట్టుకున్న ఆస్టరిస్క్‌ను ఎవరూ హ్యాక్ చేయలేరు’ అట!

“రెడీమేడ్ పీబీఎక్స్ ఐఎస్ఓలను నమ్మవద్దు, ఆస్టరిస్క్‌ను మీరే కంపైల్ చేసుకోండి” అంటూ మొదలయ్యే ఐదు పాయింట్ల సందేశం ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. ఆస్టరిస్క్ అంటే ఆఫీసు ఫోన్ ఎక్స్‌చేంజీని (పీబీఎక్స్‌ను) కంప్యూటర్ మీద నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. దాన్ని ముందే అమర్చి ఇచ్చే ఇన్‌స్టాలర్ ఫైలు ఐఎస్ఓ; సోర్సు కోడు నుంచి మనమే కట్టుకోవడం కంపైల్ చేయడం. పంపిన నలుగురిలో ముగ్గురు ఆ పని ఏనాడూ చేసినవారు కారని తెలుసు గనుక, ఇక ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

సొంతంగా కట్టినది వేగంగా పనిచేస్తుందన్నది మొదటి మాట. ఇరవై ఎక్స్‌టెన్షన్లున్న (లోపలి ఫోన్ నంబర్లున్న) ఆఫీసులో ప్రాసెసర్‌కు పనే ఉండదు. మాట తెగిపోవడానికి కారణం చాలాసార్లు రౌటరో, ఇంటర్నెట్ లైనో అయి ఉంటుంది. ఆస్టరిస్క్‌ను వెబ్ ప్యానెల్‌తో నడిపించే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీపీబీఎక్స్ వాడేవారికి లినక్స్ రాదన్న రెండో పాయింటుకు జవాబు అక్కరలేదు.

అసలు ప్రమాదమంతా మూడో దానిలో ఉంది: “సొంత సిస్టమ్ నిర్మాణం ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని హ్యాక్ చేయడం అసాధ్యం.” ఇంటర్నెట్ ఫోన్ కాల్స్ వచ్చే 5060 పోర్టు తెరిచి ఉందా అని ఊరూరా తలుపులు తట్టే స్క్రిప్టుకు, మీ ఆస్టరిస్క్‌ను కంపైల్ చేసిందెవరో తెలుసుకోవలసిన పని లేదు. 100, 101, 102 అంటూ ఎక్స్‌టెన్షన్ నంబర్లను వరుసగా ప్రయత్నిస్తుంది. నంబరునే పాస్‌వర్డుగా పెట్టుకున్న ఎక్స్‌టెన్షన్ ఒక్కటి దొరికితే చాలు. నాకు తెలిసిన ఒక చిన్న ఆఫీసులో అదీ అవసరం పడలేదు. ఆస్టరిస్క్‌లో ఇంటర్నెట్ కాల్స్ చూసే పాత మాడ్యూల్ చాన్‌సిప్‌లో గెస్ట్ కాల్స్‌కు (పాస్‌వర్డు లేకుండా వచ్చే కాల్స్‌కు) అనుమతి డిఫాల్టుగానే ఉంటుంది. కట్టినాయన దాన్ని ఆపలేదు సరికదా, ఆ కాల్స్ వచ్చి వాలే డిఫాల్ట్ కాంటెక్స్టులోనే (కాల్‌ను ఏం చేయాలో రాసే విభాగంలోనే) అండర్‌స్కోర్, ఎక్స్, చుక్క అని మూడు గుర్తులతో ఒక ప్యాటర్న్ రాసి ట్రంకుకు, అంటే బయటి కాల్స్ వెళ్లే లైనుకు, కలిపాడు. ఏ నంబరు వచ్చినా బయటికి పంపమని దాని అర్థం. శనివారం రాత్రి మొదలైన విదేశీ కాల్స్ సంగతి, సోమవారం ఉదయం ట్రంకు బ్యాలెన్స్ సున్నాకు చేరాక గానీ బయటపడలేదు. సందేశం చెప్పినట్టు నిర్మాణం ఎవరికీ తెలియకపోవడం మాత్రం అక్షరాలా నిజమైంది: ఆయన అప్పటికే ఉద్యోగం మానేశాడు, ఆ ఫైలులో ఏ లైను ఎందుకుందో చెప్పగలవారు ఆఫీసులో ఒక్కరూ లేరు. ఫ్రీపీబీఎక్స్‌లో అలాంటి గెస్ట్ కాల్ వాలే కాంటెక్స్టు నుంచి, మనం పనిగట్టుకుని తెరిస్తే తప్ప, బయటికి దారి ఉండదు.

“ఒకసారి కడితే పదేళ్లు ముట్టుకోనక్కర్లేదు” అన్నది నాలుగోది. 2023లో వచ్చిన ఆస్టరిస్క్ 21 నుంచి చాన్‌సిప్‌నే తీసేశారు. ముట్టుకోనివారు పాత వెర్షన్‌తోనే, దాని లోపాలతో సహా, కాపురం చేయవచ్చు.

ఇక రెడీమేడ్ వాడితే కంపెనీల చేతిలో బందీలవుతామన్న ఐదో పాయింటు. ఇక్కడ నేను ఒప్పుకోక తప్పదు. 2016లో ఎలాస్టిక్స్ అనే రెడీమేడ్ పీబీఎక్స్ త్రీసీఎక్స్ కంపెనీ చేతికి వెళ్లినప్పుడు దాన్ని నమ్ముకున్నవారు దిక్కులు చూశారు. దాని స్థానంలో ఇస్సబెల్ పుట్టింది అందుకే. 2024 జూన్ 30న సెంటాస్ 7 అనే లినక్స్ గడువు ముగిశాక, దానిపై నిలిచిన ఫ్రీపీబీఎక్స్ డిస్ట్రోలు వాడేవారు డెబియన్ 12 అనే మరో లినక్స్‌పై కొత్తగా ఇన్‌స్టాల్ చేసి బ్యాకప్ ఎక్కించుకోవలసి వచ్చింది. 2025 ఆగస్టులో ఫ్రీపీబీఎక్స్‌లో డెస్కు ఫోన్లను అమర్చే ఎండ్‌పాయింట్ మాడ్యూల్ లోపంతో, అడ్మిన్ ప్యానెల్‌ను ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టినవారి సిస్టమ్‌లలోకి హ్యాకర్లు లాగిన్ లేకుండానే చొరబడ్డారు. ప్యానెలే లేకుండా ఫైళ్లు చేత్తో రాసుకున్నవారికి ఆ బెడద లేదు.

ఈ సందేశాన్ని ఐదోసారి పంపబోయే మిత్రులు, ముందు తమ డిఫాల్ట్ కాంటెక్స్టులో ఏముందో ఒకసారి తెరిచి చూడవలసిందిగా మనవి.