మమ్మల్ని అడక్కుండా మారిన ఊరు

ఊళ్ళ మీద ఒక తీవ్రమైన ఆరోపణ చేయక తప్పడం లేదు. మనిషి ఒకప్పుడు తానున్న ఊరు వదిలి, రోడ్డెక్కి, నెలల తరబడి కారులోనే తిని, కారులోనే కునుకు తీసి, ఇక చాలనుకుని అదే ఊళ్ళో మళ్ళీ కాపురం పెట్టడానికి వస్తే, ఆ ఊరు కనీసం లేచి నిలబడదు. నిలబడకపోతే పోనీ. వదిలి వెళ్ళినది వదిలినట్టు ఉండడానికైనా దానికేం రోగం? మనం పొలిమేర దాటామో లేదో గోడలకు రంగులు మార్చుకుంటుంది. తిన్నగా ఉన్న రోడ్డును వన్‌వే చేసుకుంటుంది. మనకు తెలిసిన చెట్టు కొట్టేసి, మనకు తెలియని డివైడర్ కట్టుకుంటుంది. ఒక్కదానికైనా మన సంతకం తీసుకున్న పాపాన పోలేదు.

ఇదీ ఒక సమస్యేనా అని నవ్వేవాళ్ళు ఎప్పుడూ ఊరు కదలనివాళ్ళు. వాళ్ళకు ఊరు వాయిదాల పద్ధతిలో, నెలకింత చొప్పున మారుతుంది కాబట్టి నొప్పి తెలియదు. తిరిగొచ్చినవాడికి మాత్రం మొత్తం బిల్లు ఒకేసారి చేతిలో పెడతారు.

వైద్యశాస్త్రం కూడా ఈ విషయంలో సగం పనే చేసి చేతులు దులుపుకుంది. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటిబెంగను ఒక జబ్బుగా తేల్చి సిద్ధాంత వ్యాసం రాశాడు. బెర్న్ నుంచి బాసెల్‌కి వచ్చిన ఒక కుర్రాడి కేసు అందులో ఉంది. బెంగతో మంచం పట్టాడు, ఇక దక్కడనుకున్నారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. బండి కొన్ని మైళ్ళు దాటేసరికి కుర్రాడికి ఊపిరి తేలికపడింది. బెర్న్ చేరకముందే మామూలు మనిషయ్యాడు. సొంతూరికి మందు గుణం ఉందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి అంటారు పెద్దలు. అయ్యా, కాస్త నిదానంగా చదవండి. కుర్రాడు కోలుకున్నది దారిలో. ఊరు ఇంకా రానేలేదు. మందు రోడ్డు మీద ఉంటే పేరు ఊరికి వచ్చింది! ఊరు చేరాక పట్టుకునే జబ్బు వేరే ఉంది, ఈ వ్యాసం దాని గురించే.

కారు ఊళ్ళోకి తిరగ్గానే తొలి లక్షణాలు బయటపడతాయి. తిరిగొచ్చినవాడు వేగం తగ్గిస్తాడు. అద్దం దించి మోచేయి బయట పెడతాడు. చూపు రోడ్డు మీద కంటే ఇళ్ళ గుమ్మాల మీదే ఎక్కువ, ఎవరైనా గుర్తుపట్టి ఆపుతారేమోనని. వెనకవాడు విసుగొచ్చి హారన్ కొడితే అది స్వాగతం అనుకుని చెయ్యూపుతాడు. ఇంటి ముందు ఆపాక కారు కడగడు. ఎన్ని రకాల నేలలు తొక్కి వచ్చాడో చెప్పడానికి ఆ బురద తప్ప వేరే సాక్ష్యం లేదు కదా. ముందు అద్దానికి అంటుకున్న పురుగుల్ని కూడా, పాపం, అలాగే ఉంచుతాడు. ఒకట్రెండు రోజులయ్యాక ఎదురింటి పెద్దాయన వచ్చి, వంగి బంపర్‌ని పరీక్షగా చూసి, గొంతు తగ్గించి అడుగుతాడు: "ఏం బాబూ, మీకు నీళ్ళు రావట్లేదా? మా మోటారు వేయమంటావా?"

ఇంతకంటే ఘోరమైన పలకరింపు మరొకటి ఉంది. "ఈ మధ్య కనపడట్లేదే, ఒంట్లో బాలేదా?" ఎడారి దాటి, కనుమ దాటి, భాష తెలియని చోట సైగలతో పంక్చర్ వేయించుకుని వచ్చినవాడిని పట్టుకుని అడిగే మాటేనా ఇది? అయినా ఓర్చుకుని మొదలుపెడతాడు. అర్ధరాత్రి, పొగమంచు, ఒకవైపు లోయ, హెడ్‌లైట్లలో ఒకటి పోయింది. సరిగ్గా కథ అక్కడికి వచ్చేసరికి అవతలాయన, "అవునవును, మావాడి స్కూటరు కూడా మొన్న రాత్రి ఇలాగే ఆగిపోయింది" అంటాడు. ఆ తర్వాత పావుగంట స్కూటరు ప్లగ్గు గురించే. లోయ పక్కన ఆ కారు ఇప్పటికీ ఒంటి కన్నుతో నిలబడే ఉంది.

ఆల్‌ఫ్రెడ్ షూట్జ్ అని ఒక సామాజిక శాస్త్రవేత్త ఉండేవాడు. ఆస్ట్రియాలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డాడు. పగలు బ్యాంకు ఉద్యోగం, మిగిలిన సమయంలో తత్వచింతన. యుద్ధం నుంచి ఇళ్ళకు వచ్చే సైనికుల్ని దృష్టిలో పెట్టుకుని 1945లో ఆయనొక వ్యాసం రాశాడు. కొత్త ఊరికి పోయే పరాయివాడికి, అక్కడ తనకేమీ తెలియదన్న సంగతి ముందే తెలుసు. ఇంటికొచ్చేవాడు మాత్రం అంతా తెలిసిందే అనుకుని వచ్చి బోల్తా పడతాడు. ఎందుకంటే అతను లేనప్పుడు ఇక్కడి బతుకు దాని దారిన అది సాగిపోయింది, అతనూ వెళ్ళినప్పటి మనిషి కాడు. స్థూలంగా ఇదీ ఆయన చెప్పింది. మనిషి మారడం గురించి నాకు పేచీ లేదు, మారడానికే కదా అంత పెట్రోలు పోసింది. కానీ ఊరి బతుకు సాగిపోవాల్సిన అవసరమేమిటి? ఎవరు సాగమన్నారు? మనం వచ్చేదాకా ఒక పక్కన ఆగి, పార్కింగ్ లైట్లు వేసుకుని ఉండొచ్చుగా?

ఈ అన్యాయం పూర్తిగా బయటపడేది ఎవరైనా దారి అడిగినప్పుడు. ఊరికి కొత్తగా వచ్చిన ఒకాయన, పాపం, అందరినీ వదిలేసి తిరిగొచ్చినవాడినే అడుగుతాడు. మనవాడి ముఖం వెలిగిపోతుంది. "తిన్నగా వెళ్ళండి, పెద్ద చెట్టు వస్తుంది. అక్కడ ఎడమకి." కాసేపటికి ఆయన వెనక్కి వస్తాడు.

"చెట్టేం లేదండీ."

"ఉంటుందండీ, పెద్దది."

"లేదండీ, డివైడర్ ఉంది."

"మీరు సరిగ్గా చూసుండరు. పదండి, నేనే వస్తాను."

ఇద్దరూ బయలుదేరతారు. కొత్తాయన చేతిలో ఫోను యూ-టర్న్ తీసుకోమని మొత్తుకుంటూ ఉంటుంది. మనవాడు దాన్ని ఆపేయమంటాడు. ప్రయాణమంతా ఆ ఫోను ఎటు తిప్పమంటే అటు తిప్పి, సందేహం వస్తే మేకలు కాసేవాణ్ణి కూడా ఆపి అడిగినవాడే, సొంతూళ్ళో మ్యాప్ తెరవాలంటే మాత్రం తల తీసేసినట్టు ఫీలవుతాడు. జాన్ ఓకీఫ్ అనే మెదడు శాస్త్రవేత్త 1971లోనే ఎలుకల మెదడులో చోటును గుర్తుపట్టే కణాలున్నాయని చూపించాడు. ఫలానా చోటికి వస్తే ఫలానా కణం స్పందిస్తుంది. దాని మీదే 2014లో నోబెల్ బహుమతి కూడా పంచుకున్నాడు. అంటే తలలో పటం ఉన్నమాట వాస్తవం. అది ఏనాటి ఎడిషనో చూసుకోమని మాత్రం ఎవరూ మనవాడికి చెప్పలేదు. లేని చెట్టు దగ్గర అతను నిష్ఠగా ఎడమకి తిరుగుతాడు, ఎదురుగా వచ్చేవాడు బ్రేకు తొక్కి తిడతాడు. ఆ తిట్టు మాత్రం, మెచ్చుకోవాలి, ఏమీ మారలేదు.

ఇల్లు మన పక్షాన ఉంటుందనుకుంటే పొరపాటు. అదీ ఊరితో కలిసిపోయింది. తాళం తీయగానే గుప్పున వాసన. ఇందులో ఆధ్యాత్మికం ఏమీ లేదు. వాష్‌బేసిన్ కింద గొట్టం వంపు తిరిగి ఉంటుంది, ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి డ్రైనేజీ గాలిని లోపలికి రాకుండా ఆపుతుంటాయి. నెలల పాటు ఎవరూ కుళాయి తిప్పకపోతే ఆ నీళ్ళు ఆవిరైపోతాయి, గాలికి అడ్డు ఉండదు. రెండు చెంబులు పోస్తే పోయే వాసన. మనవాడు అది చేయకుండా గడప మీద కూలబడి, "నా ఇల్లే నన్ను గుర్తుపట్టలేదు" అని ఫోన్లో నాలుగు పంక్తులు రాసుకుంటాడు. లైకులు బాగానే వస్తాయి. వాసన కూడా బాగానే వస్తుంది.

రాత్రి మెలకువ వస్తుంది. చీకట్లో చెయ్యి చాపి మంచం తలాపున స్విచ్చు కోసం తడుముతాడు. లేదు. గోడంతా పాముతాడు, గడియారం కిందపడుతుంది. ఎలక్ట్రీషియన్ని, ఇంటిని, ఊరిని వరసగా తిట్టుకుంటాడు. స్విచ్చు తలుపు పక్కనే, పాతికేళ్ళుగా ఉన్నచోటే ఉంది. అతని చెయ్యి వెతుకుతున్నది నిన్నమొన్న బస చేసిన గదిలో స్విచ్చుని. ఈ రోజుల్లో అతని నిద్ర సంగతి కూడా చెప్పాలి. కొత్త చోట మొదటి రాత్రి గాఢనిద్రలో మెదడు ఎడమ సగం కుడి సగమంత మొద్దుగా నిద్రపోదనీ, అలికిడి కోసం కాపు కాస్తుందనీ బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో చెప్పారు. రోజుకో చోట పడుకున్నవాడి ఎడమ మెదడు ఎన్ని నైట్ డ్యూటీలు చేసుంటుందో లెక్కేయండి. దానికి ఇవ్వాల్సిన సెలవుల గురించి ఊళ్ళో ఒక్కరైనా మాట్లాడారా?

1963లో గల్లాహార్న్ అనే సామాజిక శాస్త్రవేత్తల దంపతులు విదేశాల్లో చదివి అమెరికాకు తిరిగొచ్చినవాళ్ళను పరిశీలించి, మనిషి సర్దుకుపోయే తీరు డబ్ల్యూ అక్షరంలా ఉంటుందన్నారు. పోయినచోట ఒకసారి కిందపడి లేస్తాడు, ఇంటికొచ్చాక మళ్ళీ కిందపడి లేస్తాడు. మొదటిసారి పడ్డప్పుడు ఫొటోలు ఉంటాయి, సానుభూతి ఉంటుంది, చెప్పుకోవడానికి కథ ఉంటుంది. రెండోసారి పడితే, "ఇంట్లోనే ఉన్నాడుగా, వాడికేం?" అంటారు.

చరిత్ర కూడా మా వాదనకే బలం ఇస్తోంది. హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే అమెరికన్ డాక్టరు 1903లో పందెం కాసి, సరైన రోడ్లే లేని రోజుల్లో, ఒక మెకానిక్‌నీ, కళ్ళద్దాలు పెట్టిన ఒక కుక్కనీ వెంటేసుకుని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్‌కి కారులో 63 రోజుల్లో చేరాడు. అమెరికాను కారులో అడ్డంగా దాటిన మొదటి మనిషి. అక్కడి నుంచి వెర్మాంట్‌లోని బర్లింగ్టన్‌లో తన ఇంటికి వచ్చాడు. గ్యారేజీ గుమ్మంలోకి వచ్చేసరికి కారు చైన్ తెగింది. అంత దూరంలో మార్చాల్సిన అవసరం రాని కొద్ది భాగాల్లో అదొకటి. కారుకైనా పరిస్థితి అర్థమైందన్నమాట. మరి ఊరు ఏం చేసింది? ఆ తర్వాత, గంటకు 6 మైళ్ళ కంటే వేగంగా నడిపాడని పట్టుకుని 5 డాలర్ల జరిమానా వేసింది. ఖండం దాటినవాడికి సొంతూరు ఇచ్చిన సన్మానం!

ఇంకో ఉదాహరణ చాలు. గుంటర్ హోల్టార్ఫ్ అనే జర్మన్ ఒకే మెర్సిడెస్ బండిలో 1988 నుంచి 2014 దాకా ప్రపంచం తిరిగాడు. దాదాపు 9 లక్షల కిలోమీటర్లు. ఆ బండిని స్టుట్‌గార్ట్‌లో కంపెనీ మ్యూజియంలో పెట్టారు. బండికి మ్యూజియం, మనిషికి మళ్ళీ ఇల్లు, కరెంటు బిల్లు. మనవాళ్ళలో కొందరు దీన్ని చదివి తమ కారును ఇంటి ముందే మ్యూజియంలా ఉంచేశారు. బ్యాటరీ దిగిపోయింది, టైర్లు ఒకవైపు చదునయ్యాయి, డిక్కీలో ఏదో కాపురం పెట్టింది.

కాబట్టి కోరికలు న్యాయమైనవే. ఊళ్ళో ఏది కూల్చాలన్నా, ఏది కట్టాలన్నా బయట తిరుగుతున్నవాళ్ళ అభ్యంతరాలు స్వీకరించాలి. గడువు: వాళ్ళు తిరిగొచ్చేదాకా. రెండోది, వీధికొక శ్రోతను జీతమిచ్చి నియమించాలి. తిరిగొచ్చినవాళ్ళు చెప్పేది వినడమే అతని ఉద్యోగం. "అబ్బో", "తర్వాతేమైంది?" అన్న రెండు మాటలు తప్ప మరేమీ అనకూడదు. తన స్కూటరు ప్రస్తావన తెస్తే అక్కడికక్కడే సస్పెన్షన్. ఫొటోలు చూపిస్తున్నప్పుడు తన వేలితో ముందుకు జరపకూడదు, వాచీ చూడకూడదు, వంటింట్లోంచి ఎవరో పిలిచినట్టు నటించకూడదు. ఊరివాళ్ళు కూడా ఏదో వినతిపత్రం తయారు చేస్తున్నారని విన్నాను. "అక్కడైతేనా..." అని మొదలయ్యే వాక్యాలు రోజుకు ఒకటి మించకూడదట. బొత్తిగా ఆచరణసాధ్యం కాదు.

శ్రోత ఉద్యోగానికి ప్రకటన వెలువడిన రోజున ఏం జరుగుతుందో కూడా ఊహించగలను. ఊరు కదలనివాళ్ళు ఒక్కరూ దరఖాస్తు పెట్టరు, వాళ్ళు విన్నది చాలంటారు. వచ్చేవాళ్ళంతా తిరిగొచ్చినవాళ్ళే. మొదటి అభ్యర్థిని "మీ గురించి చెప్పండి" అని అడుగుతారు. అతను పొగమంచు దగ్గర మొదలుపెడతాడు. మధ్యాహ్నానికి లోయ దగ్గరికి వస్తాడు. అప్పుడు బోర్డు అధ్యక్షుడు చెయ్యెత్తి, "ఒక్క నిమిషం, మేం వెళ్ళినప్పుడు ఆ లోయ ఇంకా లోతుగా ఉండేది" అని తన ప్రయాణం ఎత్తుకుంటాడు.