ఎన్నాళ్లుంటారో మొదటి రాత్రే మాట్లాడుకోవాలి

“మా ఇంట్లో శాంతి సమాధానం కోసం ప్రార్థన చేయండి” అని ఆ గురువారం గృహ కూటంలో నా భార్య అడిగింది. అందరికంటే ముందు మోకరించి, కన్నీళ్లు పెట్టుకుని ప్రార్థించింది అప్పటికి మూడు నెలలుగా మా హాల్లో పడుకుంటున్న బ్రదరే. మా ఇంట్లో సమాధానం పోయింది తన వల్లేనని ఆయనకు తెలియదు, ఎందుకంటే చెప్పాల్సినవాణ్ని నేను, నేను చెప్పలేదు. ఆయన “ఆమెన్” అన్న గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆయనది కనిగిరి వైపు పల్లె. బేల్దారి పనిలో నడుం దెబ్బతిని, అప్పుల వాయిదాలు కట్టలేక, ఒంగోలులో వాచ్‌మన్ పనైనా దొరుకుతుందేమోనని ఒక సంచి పట్టుకుని వచ్చారు. “ప్రభువు ఉంచినన్నాళ్లు ఉండండన్నా” అని గేటు దగ్గరే అనేశాను. లోపలున్న నా భార్యను ఒక్క మాట అడగలేదు.

మాది రెండు గదుల అద్దె ఇల్లు, బాత్‌రూమ్ ఒకటే. ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా అమ్మాయి హాల్లోనే చదువుకునేది. ఆయన తొమ్మిదింటికే చాప పరుచుకునేవారు, లైటు వేసుంటే ఆయనకు నిద్ర పట్టదని పిల్ల పుస్తకాలు తీసుకుని మేడమెట్ల మీదికి పోయి, ఓనర్ వాళ్ల బల్బు కింద దోమలు కొట్టుకుంటూ చదివేది. గ్యాస్ బండ ఎన్ని రోజులకు అయిపోతోందో నా భార్య క్యాలెండర్ మీద రాసిపెట్టి చూపిస్తే, “విత్తనం వేశామనుకో” అన్నాను. ఆ మాటకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. మన ఇళ్లలో రమ్మని పిలిచేది ఎక్కువగా మగవాళ్లమే, నాలుగున్నరకు లేచి ఇంకో డబ్బా బియ్యం కడిగేది ఆడవాళ్లు. ఆయనలో చెడు లేదు, వాటర్ క్యాన్ మోసుకొచ్చేవారు, కూరగాయలు తెచ్చేవారు. మొదటి రెండు వారాలు పని కోసం గట్టిగానే తిరిగారు, తర్వాత తిరగడం తగ్గింది. అడిగేవాళ్లు లేకపోతే ఎవరికైనా తగ్గుతుంది.

చివరికి మా మొహాలు చూసి ఆయనకే అర్థమైంది. ఒక రోజు పొద్దున్నే దుప్పటి మడిచి చాప మీద పెట్టి, చెల్లెలి ఊరు పోతున్నానని బయల్దేరారు. తర్వాత ఫోన్‌లో అన్నారు, “ముందే ఒక మాట అనుంటే నా తిప్పలు నేను పడేవాణ్ని కదా తమ్ముడూ.”

బైబిల్లో పేతురు మొదటి పత్రికలో “సణుగుకొనకుండ ఒకనికొకడు ఆతిథ్యము చేయుడి” అని ఉంది. ఆతిథ్యం చేయమన్న సగం మీద మనకు ప్రసంగాలు చాలానే ఉన్నాయి, సణుగుకోకుండా అన్న సగాన్ని దాటేస్తాం. నా అనుభవంలో సణుగుడు పుట్టేది ప్రేమ చాలక కాదు, నోరు తెరిచి మాట్లాడుకోక. వంటింట్లో భార్యాభర్తలు గొంతు తగ్గించి మాట్లాడుకున్న ప్రతి రాత్రీ ఆ ఇంటి అతిథికి ఏదో ఒక రూపంలో చేరుతుంది.

హద్దు పెట్టడం అవిశ్వాసుల పద్ధతి అనుకునేవాళ్లు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు, నేనూ అలాగే అనుకునేవాణ్ని. కానీ తొలినాటి సంఘం అలా అనుకోలేదు. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక పాత రాతప్రతిలో బయటపడిన ‘డిడాకే’ ఆదిమ సంఘాలకు చేసిన బోధ. ప్రభువు పేరట వచ్చినవాణ్ని చేర్చుకోమంటుంది, దారిన పోయేవాడైతే చేతనైనంత సాయం చేయమంటుంది, అయితే అవసరముంటే రెండు మూడు రోజులు, అంతే అంటుంది. ఉండిపోదలచుకుంటే పని చేసుకుని తినాలి, చేతిపని రాకపోతే సోమరిగా ఉండకుండా ఎలా బతకాలో సంఘమే ఆలోచించాలి అని కూడా చెబుతుంది. ఈ చివరి మాట నాకు చాలా ముఖ్యం. గడువు పెట్టిన సంఘమే దారి చూపే బాధ్యత కూడా నెత్తిన వేసుకుంది.

యేసు చెప్పిన మంచి సమరయుడి కథ కూడా మళ్లీ చదవండి. దొంగలు కొట్టి దారిలో పడేసినవాడి గాయాలు కట్టాడు, పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లాడు, మరునాడు రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు ఇస్తానని చెప్పి తన ప్రయాణం తాను పోయాడు. అంత చేసినవాడు కూడా మొత్తం భారం ఒక్కడే మోయలేదు.

మన నేల మీదే ఇంకో సంగతి ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర ఆకలితో వచ్చిన జనానికి గంజి పోసి ఊరుకోలేదు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వాళ్లకు కూలి పని ఇచ్చాడు. సాయం అందుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట వాళ్ల మీద పడకూడదని. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మన సంఘాల్లో చాలామందికి నోటికొచ్చు, దానికి ముందు ఆయన గీసుకున్న ఆ గీత మాత్రం ఎక్కువమంది చెప్పుకోరు.

అందరికీ ఒకే గడువు అని నేననడం లేదు. తాగొచ్చి కొట్టే మొగుడి దగ్గర్నుంచి బిడ్డను చంకనేసుకుని వచ్చిన చెల్లెమ్మకు ఆదివారం దాకా అని తేదీ చెప్పడం పాపం. “సర్దుకుపో అమ్మా, ప్రార్థన చేసుకో” అని వెనక్కి పంపడం అంతకంటే పాపం. అక్కడ మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి, జిల్లాలో ఇలాంటి ఆడవాళ్లను ఆదుకునే సఖి కేంద్రం ఉంది, సంఘంలో ఆడవాళ్లు తోడు వెళ్లాలి. కొడుకులు వదిలేసిన పెద్దాయనకైతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది. తాగుడు మానలేని మనిషికి అన్నం పెట్టండి, చేతికి డబ్బివ్వకండి.

పోయిన ఏడాది ఒక కుర్రాడు వచ్చాడు, చీమకుర్తి గ్రానైట్ పని పోయి. ఈసారి నేనూ నా భార్యా ముందు వంటింట్లో మాట్లాడుకుని, ఆ రాత్రే టీ ఇచ్చి కూర్చోబెట్టి చెప్పాం: నెలాఖరు దాకా ఉండొచ్చు బాబూ, రెండు పూటలా భోజనం ఇక్కడే, సాయంత్రం ఆరు నుంచి పది దాకా హాలు పాపకు కావాలి, అప్పులు అడగొద్దు, శనివారం శనివారం పని సంగతి మాట్లాడుకుందాం. మొహం మాడ్చుకున్నాడు. రెండు రోజులు సరిగా తినలేదు, “హాస్టల్లో ఉన్నట్టుంది” అని సంఘంలో ఎవరితోనో అన్నాడు కూడా. మూడో వారంలో కేటరింగ్ వాళ్ల దగ్గర పని కుదిరింది, గది అడ్వాన్సు సంఘం కానుకల్లోంచి సగం, మేము సగం ఇచ్చాం. ఇప్పటికీ నాతో కాస్త ముభావంగానే ఉంటాడు. మా అమ్మాయితో, నా భార్యతో మాత్రం బాగుంటాడు, “అక్కా, పప్పుచారు ఉందా” అంటూ వస్తాడు.

ఇదంతా ఒక్కో ఇంటి మీద వదిలేసే పని కాదు. మా మందిరం వెనక ఒక గది ఉంది, అందులో విరిగిన కుర్చీలు, షామియానా గుడ్డలు, పాత మైకు సెట్టు పెట్టి తాళం వేశారు. ఫ్యాను బిగించి, రెండు మంచాలు వేసి, నెలకు మించకుండా ఎవరికిస్తారో రాసుకునే పుస్తకం ఒకటి పెడితే చాలు, భోజనం వంతులవారీగా ఇళ్ల నుంచి పంపొచ్చు. పాస్టర్ గారికి చెప్పాను, పెద్దల కమిటీలో పెడదామన్నారు. షామియానా గుడ్డలు మా ఇంటి మేడ మీద దాచుకోవచ్చని ఓనర్‌ను అడిగి ఒప్పించాను.