మంచానికి వేషం దొరికింది

మా రంగస్థల కళల విభాగంలో చేరిన రెండో నెలలోనే ‘కన్యాశుల్కం’ వేస్తున్నట్టు నోటీసు పెట్టారు. ఏవో రెండు సీన్లు కాదు, ఏడంకాలూ! ఆ రాత్రి హాస్టల్ బాత్రూంలో అద్దం ముందు నిలబడి, చుట్ట లేకుండానే గిరీశంలా గుప్పుగుప్పున పొగ వదిలాను. పక్క బాత్రూంలో ఎవరో దగ్గారు. నటనలో ఆ మాత్రం బలం ఉందనుకున్నాను.

మొదటిరోజు రీడింగ్. సార్ 1892లో విజయనగరంలో జరిగిన తొలి ప్రదర్శనతో మొదలుపెట్టి, 1897లో పుస్తకం అచ్చు వేయించి, గురజాడ దాన్ని తిరగరాసి పెంచిన 1909కి చేరేసరికి టీ వచ్చింది. టీ అయ్యాక వేషాలు పంచారు.

“నీది జగిత్యాల కదూ?”

“అవున్సార్.”

“అసిరిగాడు.”

లుబ్ధావధాన్లు గారి పాలేరు. నాలుగు మాటలు. అవి కూడా అచ్చమైన ఉత్తరాంధ్ర యాసలో పలకాలి. ఆ యాస ఉగ్గుపాలతో వచ్చిన శ్రీకాకుళం అన్న నా పక్కనే ఉన్నాడు. ఆయనకేమో సౌజన్యారావు పంతులిచ్చారు. రానిది చేసేవాడే నటుడట. ఆ లెక్కన నాకు గిరీశం రానట్టు సార్‌కి ఎందుకు కనిపించలేదో!

“రేపు మధురవాణి ఇంటి సీను బ్లాకింగ్. ఎవరెక్కడ నిలబడాలో, ఎటు కదలాలో చూసుకుందాం. మంచం ఎవరు తెస్తారు?” అన్నారు సార్. నా చెయ్యి లేచింది. నేను లేపలేదు, అదే లేచింది.

హాస్టల్లో నాదంటూ ఉన్నది నేను పడుకునే ఇనప మంచమొక్కటే. మర్నాడు పొద్దున్నే నేనూ రూమ్మేటూ మూడంతస్తులు దింపాం. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి, “యాడికి?” అన్నాడు.

“మధురవాణి ఇంటికి” అన్నాడు రూమ్మేటు రొప్పుతూ.

వాచ్‌మన్ రిజిస్టర్ తీసి తీరిగ్గా రాసుకున్నాడు.

ఆ సీను తెలిసినవాళ్లకి తెలుసు. గిరీశం రాగానే రామప్పంతులు మంచం కింద దూరతాడు. చీపురు పట్టుకుని పూటకూళ్లమ్మ వస్తే గిరీశమూ అక్కడికే చేరతాడు. ఆవిడ దెబ్బ గిరీశానికి, తగిలేది పంతులికి. మా రామప్పంతులు ఆ రోజు ఎవరి పెళ్లికో వెళ్లాడు. ఈసారి నేను చెయ్యెత్తలేదు. అయినా అందరూ నావైపే చూశారు.

నా మంచం కింద అంతకు ముందెప్పుడూ దూరలేదు. దూరాక తెలిసింది, పాత కాపురస్తులు అంటించిన చూయింగ్ గమ్ ఎంత ఉందో. గిరీశం వేసే అన్న ఆరడుగుల మనిషి. ఆయన మోకాళ్లు నా డొక్కలో, నా మోచెయ్యి ఆయన ముక్కులో. పూటకూళ్లమ్మ వేసే అక్క ఆ రోజే కొన్న కొబ్బరీనెల చీపురు తెచ్చింది. ఉత్తుత్తి చేతులూపితే భావం రాదట.

భావం బాగానే వచ్చింది. ఆరుసార్లు.

“దెబ్బలో కాదమ్మా, టైమింగ్‌లో ఉంది హాస్యం” అంటారు సార్. ఏడోసారికి ఆ టైమింగ్ నాకు పట్టుబడింది. చీపురు లేవగానే గోడవైపు దొర్లాను. ఈనెలన్నీ గిరీశానికి! ఆయన ఎగిరి లేవబోయి తల ఇనప పట్టీకి ఠంగుమని కొట్టుకున్నాడు.

“గురజాడనే దిద్దుతున్నావా?” అని సార్ కేకేశారు.

రిహార్సల్ అయ్యాక మంచం ఎత్తబోతే, “ఆగు!” అన్నారు. మంచం కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గీతలు గీశారు. ప్రదర్శన దాకా కదలకూడదట. నా మంచానికి స్టేజీ మీద నాలుగు మార్కులు. నాకింకా ఒక్కటీ లేదు.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది.

“వేషమచ్చిందా బిడ్డా?”

“అచ్చిందమ్మా. మంచంది.”

“మంచిదా? మంచిగనే అయింది. యాళ్లకింత తిని, మంచిగ పండు.”

గచ్చు మీద చాప పరుచుకుని పడుకున్నాను.

మూడోరోజు వార్డెన్ పిలిపించారు. బల్ల మీద రిజిస్టర్ తెరిచి ఉంది. ‘మంచం ఒకటి. మధురవాణి ఇంటికి.’ పక్కన నా పేరు, రూమ్ నంబరు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, తలుపు దగ్గరికి వేయమన్నారు.

“నిజం చెప్పు బాబూ. ఎవరీ అమ్మాయి? ఎన్నాళ్ల నుంచి?”

నాకు గుర్తున్నది అదొక్కటే.

“1892 నుంచి సార్.”