అలవాటైపోయింది అనే మాట నమ్మొద్దు

రాత్రి పదింటికి ఇంకా ల్యాప్‌టాప్ ముందే కూర్చున్నారేమిటని అడిగితే మనవాళ్లు చెప్పే జవాబు దాదాపు ఒకటే. "ఆఫ్‌షోర్ కాల్ అండీ, అలవాటైపోయింది." ఆఫ్‌షోర్ కాల్ అంటే అమెరికా, ఇండియా ఐటీ టీమ్‌లు కలిసి పెట్టుకునే ఫోన్ మీటింగు. ఈ జవాబు డాలస్‌లో మా వీధిలో వింటాను, న్యూజెర్సీ నుంచి వచ్చిన చుట్టాల నోటా వింటాను. ఫోన్‌కి అటువైపు మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో కూర్చున్నవాళ్లూ ఇదే అంటారు. నా ఉద్దేశంలో ఇది నిజం కాదు. మనసు సర్దుకుంటుంది, ఇంట్లోవాళ్లు సర్దుకుంటారు, ఒళ్లు మాత్రం సర్దుకోదు. ఒళ్లు మారదని ఒప్పుకుంటే మార్చాల్సింది మీటింగు టైమే. అది మన చేతిలో ఉన్న పని, ముఖ్యంగా టీమ్ లీడ్లుగా, మేనేజర్లుగా ఉన్నవాళ్ల చేతిలో ఉన్న పని.

అలవాటైందని మనకు ఎందుకనిపిస్తుందో చూపించిన ప్రయోగం ఒకటుంది. 2003లో యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 48 మందిని ల్యాబ్‌లో ఉంచి, కొందరిని రోజుకు 8 గంటలు, కొందరిని 6, ఇంకొందరిని 4 గంటలే పడుకోనిచ్చారు. ఇలా 14 రోజులు. తెర మీద గుర్తు కనబడగానే బటన్ నొక్కడం లాంటి చిన్న పరీక్షలు రోజూ పెట్టారు. ఆరు గంటలు పడుకున్నవాళ్ల పనితీరు రోజురోజుకూ దిగజారి, చివరికొచ్చేసరికి రాత్రంతా కన్ను మూయనివాళ్ల స్థాయికి పడిపోయింది. అంతకంటే ముఖ్యమైన విషయం, నిద్ర వస్తోందా అని వాళ్లనే అడిగితే మొదటి కొద్ది రోజుల తర్వాత పెద్దగా తేడా చెప్పలేదు. తాము బాగానే ఉన్నామనుకున్నారు. మన "అలవాటైపోయింది" సరిగ్గా ఇదే. ఆరు గంటలు పడుకుంటే పెద్ద నష్టమేముందని మనలో ఎంతమంది అనుకోవడం లేదు?

ఒంట్లో గడియారం ఉందన్న సంగతి కొత్తదేం కాదు. 1729లో ఫ్రాన్సులో ద మేరాన్ అనే ఖగోళ శాస్త్రవేత్త, ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి లాంటి మొక్కను తీసుకెళ్లి చీకట్లో పెట్టాడు. ఎండ తగలకపోయినా ఆ మొక్క పగటివేళకు ఆకులు విప్పింది, రాత్రికి ముడిచింది. ఆ తర్వాత 1971లో ఈగల్లో ఈ లయను నడిపే జన్యువు జాడ దొరికింది. అది ఎలా పనిచేస్తుందో విప్పి చెప్పిన ముగ్గురికి 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. మనిషిలో ఆ గడియారం రెండు కంటి నరాలు కలిసేచోటుకు కాస్త పైన, సుమారు 20,000 నాడీకణాల గుంపుగా ఉంటుంది. సొంతంగా తిరిగితే దాని రోజు 24 గంటల కంటే ఓ పది పన్నెండు నిమిషాలు ఎక్కువ. ఆ తేడాను ప్రతి ఉదయం సరిచేసేది వెలుతురు. కంట్లో బొమ్మను చూసే కణాలు కాక, వెలుతురు ఎంత ఉందో మాత్రమే పట్టే కణాలు వేరుగా ఉన్నాయని 2002లో తేలింది. వాటికి నీలిరంగు కాంతి అంటే ఎక్కువ పట్టు. రాత్రి తొమ్మిదికి మన ముఖం మీద పడే తెర వెలుగులో ఆ నీలమే దండిగా ఉంటుంది. ఇంకా పొద్దు గూకలేదని ఆ కణాలు కబురు పంపితే, నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది. ఇందులో మన ఇష్టానికీ పట్టుదలకూ చోటు లేదు.

మనిషి మారుతూ వచ్చాడు కదా, ఇదీ మారుతుందిలే అనేవాళ్లున్నారు. మొన్న ఒక పుట్టినరోజు భోజనాల దగ్గర ఈ వాదనే నడిచింది. మనలాంటి మనుషుల అతి పాత ఎముకలు మొరాకోలో దొరికాయి, వయసు సుమారు 3,00,000 ఏళ్లు. న్యూయార్క్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం మొదలై వీధిలోకి కరెంటు వచ్చింది 1882లో. అంటే ఐదారు తరాలు. పరిణామానికి ఇది లెక్కలోకి రాని కాలం. పాల సంగతే చూడండి. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే గుణం పశువులను మేపుకునే జనాల్లో వ్యాపించడానికి వేల ఏళ్లు పట్టింది. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువమంది పెద్దవాళ్లకు అది లేదు. దక్షిణ భారతంలోనూ చాలామందికి గ్లాసు పాలు తాగితే కడుపు ఉబ్బరమే.

పైగా ఆ గుణం వ్యాపించింది, అది ఉన్నవాళ్ల పిల్లలు ఎక్కువమంది బతికి బట్టకట్టారు కాబట్టి. ప్రకృతి ఎంపిక చేసేది అలాగే, వేరే దారి లేదు. నైట్ కాల్స్ వల్ల వచ్చే షుగరు, బీపీ నలభైల్లో యాభైల్లో బయటపడతాయి. అప్పటికి పిల్లలు పుట్టి హైస్కూలుకు వెళ్తుంటారు. రాత్రి మేలుకోలేని ఒళ్లున్నవాడికీ, మేలుకోగలిగినవాడికీ సంతానంలో తేడా ఏమీ ఉండదు. కాబట్టి వెయ్యేళ్లు ఆగినా ఆఫ్‌షోర్ మోడల్‌కు సరిపడే మనిషి తయారవడు. ఎదురుచూడటం వృథా.

అలాగని పూర్వం అందరూ పొద్దు గూకగానే పడుకుని పది గంటలు హాయిగా నిద్రపోయేవారనే కథా నేను నమ్మను. టాంజానియాలోని హాడ్జా, ఆఫ్రికా దక్షిణాన ఉన్న సాన్, బొలీవియాలోని త్సిమానే తెగల నిద్రను చేతికి కట్టే పరికరాలతో కొలిచి 2015లో ఫలితాలు ప్రచురించారు. కరెంటు లేని బతుకుల్లో కూడా వాళ్లు పడుకునేది సగటున ఆరేడు గంటలే, కొన్నిచోట్ల ఇంకా తక్కువ. పొద్దు గూకిన మూడు గంటలకుగానీ నడుం వాల్చరు. మంట చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటారు. కానీ దాదాపు రోజూ అదే వేళకు లేస్తారు, ఎక్కువగా తెల్లవారకముందే. నిద్ర పట్టని జబ్బు వాళ్లలో చాలా అరుదు. నాకు ఇందులో పట్టి చూడాల్సినది గంటల సంఖ్య కాదు, వేళ. మనం సోమవారం రాత్రి పదకొండుకీ, మంగళవారం సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంటే రెండింటికీ, బుధవారం పదింటికీ పడుకుంటాం. శనివారం పొద్దెక్కేదాకా లేవం. శివరాత్రి జాగారం చేసినవాళ్లు మర్నాడు కాసేపు నడుం వాలుస్తారు, మళ్లీ ఏడాది దాకా ఆ ఊసు ఉండదు. మన జాగారానికి ఆ మర్నాడు లేదు, పొద్దున్నే స్టాండప్ (రోజువారీ చిన్న టీమ్ మీటింగు) ఉంటుంది.

మన విషయంలో ఇంకో చిక్కు, తిండి. కాలేయానికీ పేగులకూ కూడా సొంత గడియారాలున్నాయి. అదే అన్నం అంతే పరిమాణంలో పొద్దున తింటే ఒంట్లో చక్కెర పెరిగేది ఒకలా, రాత్రి తింటే ఇంకా ఎక్కువగా. కాల్ అయ్యాక తొమ్మిదిన్నరకు కంచం ముందు కూర్చుంటే ఒళ్లు ఆ భోజనానికి సిద్ధంగా ఉండదు. అసలే మన దక్షిణాసియా వాళ్లకు సన్నగా ఉన్నా షుగరు వచ్చే ప్రమాదం ఎక్కువ. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా మూలాలున్నవాళ్లకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 25 కాదు, 23 దాటగానే పరీక్షించమంటుంది. మన సంఘం హెల్త్ క్యాంపుల్లో వరుసగా నిలబడి వేలిచివర రక్తం ఇచ్చేవాళ్లను చూస్తుంటాను. అక్కడ నింపే కాగితం మీద మీటింగులు ఎన్ని గంటలకు అనే ప్రశ్న కూడా ఉండాలని నా కోరిక.

హైదరాబాద్‌లో సపోర్టు షిఫ్టుల్లో రాత్రంతా పనిచేసేవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో ఒకసారి, 2019లో మరోసారి పరిశీలించి, రాత్రి షిఫ్టు పనిని బహుశా క్యాన్సర్ కలిగించగల వాటి జాబితాలో ఉంచింది. ఇక్కడ తొమ్మిదింటి కాల్‌కూ అక్కడి రాత్రి షిఫ్టుకూ ఒకే తూకం వేయకూడదు. భారం ఎక్కువగా అటువైపే ఉంది.

ఆ భారం పెంచడంలో మన పాత్ర ఎంతో గమనించండి. టెక్సస్‌కూ హైదరాబాద్‌కూ వేసవిలో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారం వెనక్కి జరుగుతుంది, ఇండియాలో జరగదు. ఉదయం 8 గంటల స్టాండప్ మన క్యాలెండర్‌లో 8 గానే కనిపిస్తుంది. అక్కడ మాత్రం సాయంత్రం ఆరున్నర ఉన్నది ఏడున్నర అవుతుంది. ఇక్కడ ఉదయం తొమ్మిదికి పెట్టిన రివ్యూ అక్కడ రాత్రి ఎనిమిదిన్నరకు మొదలై తొమ్మిదిన్నర దాటుతుంది. అడిగినవాళ్లు లేరు, చెప్పినవాళ్లు లేరు, మార్చి దాకా ఒక్కొక్క సాయంత్రం నుంచి ఒక గంట పోతుంది. మా టీమ్‌లో అటువైపు ఒక అమ్మాయి మ్యూట్ తీసినప్పుడల్లా వెనక నుంచి పిల్లాడు "అమ్మా, కథ" అని అడగడం వినపడేది. ఆ అమ్మాయి "సారీ అండీ" అని మళ్లీ స్టేటస్ చెప్పేది. క్షమాపణ చెప్పాల్సింది ఆ అమ్మాయి కాదు.

చట్టం ఆదుకుంటుందా అంటే, అమెరికాలో మనకు పెద్దగా ఆదుకోదు. 1938 నాటి కార్మిక చట్టం వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు జీతం ఇవ్వమంటుంది. కానీ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, సిస్టమ్స్ అనలిస్టుల్లో చాలామంది ఆ నియమం పరిధిలోకి రాని 'ఎగ్జెంప్ట్' ఉద్యోగులు. ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లకు 2024 ఆగస్టు నుంచి, పనివేళ దాటాక వచ్చిన ఫోన్‌కూ మెసేజ్‌కూ జవాబివ్వకుండా ఉండే హక్కు చాలా సందర్భాల్లో ఉంది. ఇక్కడ అలాంటిది లేదు. ఇండియాలో గాలి ఎదురువైపు వీస్తోంది. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023లో అన్నారు. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ రోజుకు 10 గంటల వరకు పని చేయించుకునే వీలు కల్పించే నిర్ణయాలు తీసుకున్నాయి. మూర్తి గారి మీద ఎంత గౌరవం ఉన్నా ఆ లెక్కతో నేను ఏకీభవించలేను. పెన్సిల్వేనియా ప్రయోగంలోలా మొద్దుబారిన బుర్రలు ఎన్ని గంటలు కూర్చుంటే మాత్రం ఏం మంచి కోడ్ రాస్తాయి?

అసలు కారణం చట్టం కంటే లోతుగా ఉంది. హెచ్-1బి వర్క్ వీసా మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే, ఇక్కడ ఉండి వేరే దారి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. ఇల్లు, కారు, పిల్లల స్కూలు అన్నీ ఆ 60 రోజుల మీద నిలబడి ఉంటాయి. అలాంటివాడు రాత్రి కాల్‌కి రానని ఎలా అంటాడు? వాళ్లను తప్పు పట్టను. అందుకే నా మాట వాళ్లకు కాదు. గ్రీన్ కార్డో పౌరసత్వమో వచ్చి, క్యాలెండర్‌లో మీటింగు పెట్టే అధికారం ఉన్న మనకు. భయపడాల్సిన అవసరం తీరినవాళ్లం ముందు నోరు విప్పాలి.

చేయదగినవి ఉన్నాయి. మేము రోజూ పెట్టుకునే కాల్‌లో సగంమంది "నో అప్‌డేట్స్ ఫ్రమ్ మై సైడ్" అని మళ్లీ మ్యూట్‌లోకి వెళ్లేవారు. ఆ కాల్ వారానికి రెండుసార్లకు తగ్గించి, మిగతా రోజులకు రాతపూర్వక హ్యాండోవర్ (పని అప్పగించే నోట్) పెట్టాం. టికెట్ (నమోదైన సమస్య లేదా పని) ఎక్కడ ఆగింది, ఇప్పటిదాకా ఏమేం చేసి చూశాం, లాగ్‌లో (సిస్టమ్ రాసుకునే రికార్డులో) ఎర్రర్ ఏ లైను దగ్గర వస్తోంది, తర్వాత ఏం చేయాలి, ఎవరి జవాబు కోసం ఆగి ఉంది. ఇంతే. మొదట్లో ఒక వాక్యం రాసి వదిలేసేవారు, అటువైపు మళ్లీ మెసేజ్ పెట్టి అడగాల్సి వచ్చేది. రాయగా రాయగా కుదిరింది. మిగిలిన రెండు కాల్స్ ఇక్కడ ఉదయం ఏడున్నరకు, చలికాలమైతే అక్కడ రాత్రి ఏడింటికి. ఇక్కడివాళ్లు కొంచెం ముందు లేవాలి. అది న్యాయమే, ఉదయపు వెలుతురులో లేవడం ఒంటికి మంచిది కూడా.

ఇప్పుడు మీటింగ్ రికార్డు చేసి, ఎవరేం చెప్పారో ఏఐ రాసిపెట్టే సాధనాలు దాదాపు ప్రతి ఆఫీసులో ఉన్నాయి. రాత్రి కాల్‌లో కేవలం వినడానికి కూర్చునేవాళ్లందరినీ అది ఒక్క రోజులో విడుదల చేయగలదు. అయినా కాల్‌కి రమ్మంటున్నాం, సారాంశమూ చదవమంటున్నాం. సాధనం మిగిల్చిన గంట మనిషికి ఇవ్వకుండా మరో మీటింగుకు ఇస్తే ఆ సాధనం వల్ల లాభమేంటి?

ప్రొడక్షన్ (జనం వాడుతున్న అసలు సిస్టమ్) పడిపోయిన రాత్రి ఎవరో ఒకరు లేవాల్సిందే, అందులో వాదన లేదు. ఆన్-కాల్ (అవసరమైతే లేచే బాధ్యత) వంతులవారీగా ఉండాలి, లేచినవాళ్లకు మర్నాడు ఉదయం సెలవు ఉండాలి. వారంవారం స్టేటస్ అలాంటి అత్యవసరం కాదు.

నవంబరులో గడియారం మారే ముందు వారం, మీ పేరున ఉన్న మీటింగులు ఒకసారి తెరిచి, టైమ్ జోన్ హైదరాబాద్‌కు మార్చి చూడండి. రాత్రి ఎనిమిది దాటిన ప్రతిదాని పక్కనా ఎవరెవరు ఉన్నారో చదవండి. వాళ్లలో ఎవరు లేకపోయినా పని ఆగదో, వాళ్ల పేర్లు ఆ రోజే తీసేయండి. తీసేసినందుకు వాళ్ల అప్రైజల్‌లో ఏ తేడా రాదని ఫోన్ చేసి మరీ చెప్పండి.